బస్సు నిలిస్తే బాకీ నిలుస్తుంది: 2019 ఆర్‌టీసీ సమ్మెలో బజారు లెక్క

(మా వాణిజ్య ప్రతినిధి)

హైదరాబాదు: ఆర్‌టీసీలో సమ్మె నోటీసు పడినప్పుడల్లా బజారులో ఒక ధీమా కనబడుతుంది. సరుకు వచ్చేది లారీలో, బస్సుతో మనకేమి పని అని. 2025 మే 7 నుంచి సమ్మె అని తెలంగాణ ఆర్‌టీసీ కార్మిక సంఘాలు ప్రకటించి, ముందు రోజు వాయిదా వేసుకున్నాయి గనుక ఆ ధీమాకు అప్పుడు పరీక్ష రాలేదు. 2019లో వచ్చింది.

ఆ సంవత్సరం అక్టోబరు 5న, దసరాకు మూడు రోజుల ముందు, సుమారు 48 వేల మంది కార్మికులు విధులు మానివేశారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ముఖ్యమైన కోర్కె. పొరుగున ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం అంతకు నెల ముందే అటువంటి విలీనానికి ఒప్పుకొని ఉండటం ఈ కోర్కెకు బలమిచ్చింది. దీపావళి వెళ్లింది, కార్తీకం చివరికి వచ్చింది, నవంబరు 25న సంఘాలు సమ్మె విరమించేసరికి 52 రోజులు గడిచాయి. కార్మికులను తిరిగి పనిలోకి తీసుకున్నది మరి నాలుగు రోజులకు.

అన్ని రోజులూ బస్సులు పూర్తిగా నిలిచిపోలేదు. సంస్థకు ఉన్న 10 వేల పైచిలుకు బస్సులలో కొన్ని అద్దె బస్సులు తిరిగాయి. మరికొన్నింటిని రోజుకు 1,500 రూపాయల కూలికి డ్రైవరును, 1,000 రూపాయలకు కండక్టరును పెట్టి నడిపారు. తొలి రోజుల్లో టిక్కెట్టు లేకుండానే చార్జీ వసూలైంది. ఎంత అడిగితే అంత. ఫలానా రోజున ఇన్ని బస్సులు నడిచాయని అంకెలు వెలువడేవి. వర్తకునికి కావలసిన అంకె అది కాదు. మొదటి బస్సు ఎన్ని గంటలకు, ఆఖరి బస్సు ఎన్ని గంటలకు అన్నదే అతని లెక్క.

పల్లెలో రాత్రి నిద్ర చేసి తెల్లవారుజామున బయలుదేరే నైట్ హాల్టు బస్సునే చూడండి. కూరగాయల గంపలు, పాల క్యాన్లు, అడ్డా మీదికి పోయే కూలీలు దానిలోనే పట్నం చేరుతారు. అది రోజు కూలి డ్రైవరుతో సాగే సర్వీసు కాదు. పగలు పది గంటలకు నాలుగు బస్సులు వరుసగా వచ్చినా వేలంపాట వేళ దాటిపోయాక ఎవరికి ప్రయోజనం?

యార్డులలో

సమ్మె కాలం సరిగ్గా పత్తి రాబడులు ఊపందుకునే కాలం. ఆ సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 5,550 రూపాయలు. వరంగల్ ఏనుమాముల వంటి యార్డుకు పత్తి ట్రాక్టరులోనో డీసీఎంలోనో రాగలదు. కాని దించే హమాలీ, తూచే దడ్వాయి, చాటకూలీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి రావాలి. తేమ నూటికి 12 దాటితే భారత పత్తి సంస్థ కొనదు. కాటా ఒక పూట ఆలస్యమై బస్తాలు మంచులో పడి ఉంటే ఆ నష్టం తక్‌పట్టీలో ఎక్కడా కనబడదు గాని రైతు సంచిలో నుంచి పోతుంది.

అసలు దెబ్బ వసూళ్లకు

బేగంబజారు టోకు దుకాణాలకు జిల్లాల నుంచి వచ్చే చిల్లర వర్తకుడు పొద్దున దిగి, సరుకు కట్టించి, పొద్దుపోయే వేళకు తిరుగు బస్సు పట్టేవాడు. తిరుగు బస్సుకు భరోసా లేకపోతే అతను రాడు. కారు మాట్లాడుకుని వస్తే, 20 వేల కొనుగోలు మీద మిగిలేది ఆ కిరాయికే చాలదు.

ఇటు నుంచి వెళ్లవలసిన వసూళ్ల గుమాస్తాదీ అదే ఇబ్బంది. సోమవారం జనగామ, మంగళవారం సిద్దిపేట అంటూ అతని తిరుగుడంతా బస్సు టైముల మీద కట్టిన పట్టిక. ఒక కిరాణా టోకు వర్తకునికి ఊళ్లలో 10 లక్షల బాకీ ఉన్నదనుకుందాం. రూపాయిన్నర వడ్డీ చొప్పున 52 రోజులకు 26 వేలు. నూటికి రెండు రూపాయలు మిగిలే వ్యాపారంలో ఆ సరుకు మీద లాభం 20 వేలే. సమ్మె పొడుగునా బాకీ కదలకపోతే లాభం పోను మరో 6 వేలు చేతి నుంచి పడతాయి. ఫోను మీద డబ్బు పంపవచ్చు గదా అనవచ్చు. పంపే మనసున్నవాడు పంపుతాడు. గుమాస్తా ఎదురుగా కూర్చుంటే తప్ప గల్లా తెరవని ఖాతా ప్రతి లెడ్జరులోనూ ఒకటి రెండుంటాయి.

నగరంలో కొంత మేలు. మియాపూర్-ఎల్.బి.నగర్ మెట్రో మార్గం అప్పటికే నడుస్తున్నందున మలక్‌పేట మార్కెట్ వైపు, మహాత్మాగాంధి బస్ స్టేషన్ వైపు రాకపోకలకు దారి దొరికింది. మెట్రో అదనపు ట్రిప్పులు వేసింది. మెట్రో లేని చోట షేరు ఆటో చెప్పిందే ధర.

సమ్మె ముగిశాక 2019 డిసెంబరు 3 నుంచి చార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెరిగాయి. సమ్మె కాలపు జీతం కూడ ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. బజారు పోగొట్టుకున్న వడ్డీ మాత్రం ఏ పద్దు కిందా రాలేదు.

మరొక మార్పు గమనార్హం. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలోని మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులలో ప్రయాణం ఉచితం. కూరగాయలమ్మే ఆమె, మిరప యార్డులో తొడిమలు తీసే ఆమె ఇప్పుడు రానుపోను ఖర్చు లేకుండా పనికి వస్తున్నారు. రేపు బస్సు ఆగితే వారు కట్టవలసిన ఆటో కిరాయి పెరిగిన చార్జీ కాదు, కొత్త ఖర్చు. ఆ కిరాయి తామిచ్చి కూలీలను రప్పించుకోవాలా, పని వాయిదా వేసుకోవాలా అన్నది అడ్తిదారులు తదుపరి నోటీసు రాకముందే తేల్చుకోవలసి ఉన్నది.