ఇప్పపువ్వు లడ్డుకు కోచ్ కావాలా?

2025 జూన్ 29న ప్రధాని 'మన్ కీ బాత్'లో భద్రాచలం మహిళల ప్రస్తావన తెచ్చారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లు ఇప్పుడు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తున్నారని, అవి హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని చెప్పారు. ఆ మహిళలే మూడు నెలల్లో 40 వేల 'గిరి' శానిటరీ ప్యాడ్లు తయారుచేసి బడులకు, దగ్గర్లోని ఆఫీసులకు తక్కువ ధరకు అందించారనీ అన్నారు. ఆ మాటల్లో లండన్ అందరికీ గుర్తుండిపోయింది. వాళ్లు సంఘంలో చేరి శిక్షణ తీసుకున్నారన్న ముక్క మాత్రం చాలామంది చెవిన పడినట్టు లేదు.

ఖమ్మంలో పచ్చళ్ల వ్యాపారం పెట్టాలనుకునే అమ్మాయైనా, చర్లలో తేనె సీసాల్లో నింపి అమ్మాలనుకునే కుర్రాడైనా ముందుగా అడుగుతున్నది ఇదే: నాకు చెప్పేవాళ్లు ఎవరు? ఫోన్ తెరిస్తే చాలు, వారాంతపు క్లాసుతో వ్యాపారం పదింతలు చేస్తామనే బిజినెస్ కోచ్‌ల ప్రకటనలు వరస కడుతున్నాయి. డబ్బు కట్టి వాళ్ల దగ్గరికి వెళ్లాలా, లేక ఎవరి సాయమూ లేకుండా దిగిపోవాలా? నా మటుకు నాకు రెండూ కావనే అనిపిస్తుంది. వ్యాపారం కొత్తగా పెట్టినవాళ్లకు చెయ్యి పట్టి నడిపించే మనిషి తప్పకుండా కావాలి. ఆ మనిషి ఎవరన్న దగ్గరే చాలామంది పొరబడుతున్నారు.

భద్రాచలం కథనే కాస్త దగ్గరగా చూద్దాం. తెలంగాణ గిరిజన సంక్షేమ శాఖతో కలిసి పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 'గిరి పోషణ' అనే కార్యక్రమం నడిపింది. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో ఆహార తయారీ యూనిట్లు వచ్చాయి, వాటిని ఆదివాసీ మహిళలే నడిపారు. యంత్రం తిప్పడం, శుభ్రత, ప్యాకింగ్, లెక్కల పుస్తకం రాయడం నేర్పారు. ఇదంతా పనితనం నేర్పే శిక్షణ. దీనికి శాస్త్రవేత్త కావాలి, సందేహం లేదు. పిండిలో తేమ ఎంత ఉంటే బిస్కెట్ ఎన్నాళ్లు మెత్తబడకుండా ఉంటుందో ఊళ్లో ఎవరూ చెప్పలేరు.

అయితే ఆ ఆహారం వెళ్లింది అంగన్‌వాడీలకు. అంటే కొనేవాడు ముందే సిద్ధంగా ఉన్నాడు. సొంతంగా దిగేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. ప్రభుత్వం కొనే సరుకు చేయడం ఒకటి, ఆటో దిగి అంగడి అంగడి తిరిగి అమ్మడం ఇంకొకటి. 2018 ఏప్రిల్ 14న మన పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో మొదలైన, గిరిజనుల అటవీ సరుకులతో వ్యాపారం చేయించే వన్‌ధన్ పథకం లెక్క కూడా అంతే. ఇరవై మంది చొప్పున 15 సంఘాలు, మొత్తం 300 మందికి ఒక కేంద్రం. షెడ్డు, యంత్రం, శిక్షణ వరకు కాగితం మీదే లెక్క తేలిపోతుంది. ఎవరు కొంటారన్నది మాత్రం సంతలో తేలాల్సిందే.

ఇప్పుడు ఒక ఇప్పపువ్వు లడ్డు తీసుకుందాం. అంకెలు నేను ఉదాహరణకు వేస్తున్నవే. కిలో లడ్డూలకు బెల్లం, పల్లీలు, నెయ్యి, గ్యాస్ కలిపి 190 రూపాయలైంది. సంఘం మహిళలు వాటిని 300కు అమ్మారు. చేతిలో 110 మిగిలింది, లాభమే అనుకున్నారు. సరిగ్గా ఇక్కడే, ఇదే పనిలో పండిన మనిషి ఎవరైనా పక్కన ఉంటే అడిగే మొదటి మాట: "అక్కా, పువ్వు లెక్కలో ఎంత రాసినవ్?"

రాయలేదు. అడవిలో ఏరుకొచ్చిందే కదా అనుకున్నారు. కానీ ఆ పువ్వునే ఎండబెట్టి అమ్మితే 20 రూపాయలైనా వచ్చేది. డబ్బా, లేబుల్‌కు 25. ఇద్దరు సగం పూట కూర్చుంటే ఐదు కిలోలు అయ్యాయి. మనిషికి 150 కూలి కట్టినా కిలోకు 60. భద్రాచలం దాకా ఆటోకు 10. విరిగినవి, అమ్ముడుపోనివి కలిపి 15. మొత్తం 130. అంటే కిలోకు 20 రూపాయలు నష్టం. నెల పొడుగునా కష్టపడి, చేతిలో నోట్లు కనబడుతున్నా సంఘం అప్పు వాయిదా దగ్గర ఎందుకు ఇబ్బంది పడుతున్నారో ఆ మహిళలకు అర్థం కాదు. ఇది చెప్పడానికి మేనేజ్‌మెంట్ డిగ్రీ అక్కర్లేదు. ఇలా ఒకసారి నష్టపోయి తేరుకున్నవాళ్లు చాలు.

ఏజెన్సీలో ఇలాంటి సలహాదారు ఎప్పుడూ లేడనుకుంటే పొరపాటే. ఉన్నాడు, ఆయనే షావుకారు. విత్తనాలకు, పెళ్లికి, ఆస్పత్రికి అప్పిస్తాడు. ఏ పంట వేయాలో, సరుకు ఎప్పుడు తేవాలో చెబుతాడు. ఆ సరుకు కొనేదీ ఆయనే. బజారు గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, సలహా తప్పు కూడా కాకపోవచ్చు. కానీ సలహా ఇచ్చే మనిషే సరుకు కొంటూ, అప్పుకు వడ్డీ కూడా వసూలు చేస్తుంటే ఆ సలహా ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? గిరిజన సహకార సంస్థ (జీసీసీ) 1956లో పుట్టడానికి ఒక కారణం ఈ పట్టు సడలించడమే. జీసీసీ డిపోలో ఈ వారం రేటు ఎంతో కనుక్కుంటే షావుకారు మాట ఎంతవరకు నమ్మవచ్చో సగం తెలిసిపోతుంది. నా దృష్టిలో ఫోన్‌లో కనిపించే కోచ్‌లలో కొందరు ఈ షావుకారు బాటలోనే ఉన్నారు. మొదటి క్లాసు ఉచితం, రెండోది వేలల్లో, ఆ తర్వాత యంత్రం కూడా వాళ్లు చెప్పిన కంపెనీదే కొనాలి.

మరి మంచి సలహాదారు నిజంగా పనికొస్తాడా? దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. కెన్యా రాజధాని నైరోబీలోని దండోరా అనే పేదల వాడలో చిన్న వ్యాపారాలు చేసుకునే మహిళల మీద జరిగిన పరిశోధన 2018లో అచ్చయింది. కొందరిని వ్యాపార పాఠాల క్లాసులో కూర్చోబెట్టారు. కొందరికి అదే వాడలో నిలదొక్కుకున్న వ్యాపారి మహిళను జోడీ చేశారు. క్లాసులో కూర్చున్నవాళ్ల లాభం పెద్దగా మారలేదు. జోడీ దొరికినవాళ్ల లాభం సగటున 20 శాతం పెరిగింది. ఆ అక్కలు చెప్పింది గొప్ప సిద్ధాంతమేమీ కాదు, సరుకు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చెప్పారు, అంతే. ఇంకో సంగతీ బయటపడింది. కలుసుకోవడం మానేశాక ఆ లాభం కరిగిపోయింది. అక్కడి బజారు రోజుకో రకంగా మారుతుంటే, నిన్నటి సలహా నేటికి పనికిరాదు మరి.

అహ్మదాబాద్‌లో సేవా బ్యాంకు ఖాతాదారులైన మహిళలకు రెండు రోజుల శిక్షణ ఇచ్చినప్పుడు, స్నేహితురాలిని వెంట తెచ్చుకోమన్నవాళ్లు ఒంటరిగా వచ్చినవాళ్ల కంటే ఎక్కువగా అప్పు తీసుకుని వ్యాపారంలో పెట్టారు, ఆదాయమూ పెరిగింది. డొమినికన్ రిపబ్లిక్‌లో పూర్తి అకౌంటింగ్ పాఠం కంటే 'ఇంటి డబ్బు వేరు, కొట్టు డబ్బు వేరు' వంటి నాలుగు మోటు సూత్రాలు చిన్న వ్యాపారులకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. మన పొదుపు సంఘాల్లో రెండు సంచుల పద్ధతి పాటించే అక్కలకు ఇది కొత్త విషయమేమీ కాదు.

నైరోబీ అంత దూరం పోనక్కర్లేదు, భద్రాచలం వంతెన దగ్గరికే వద్దాం. ఇక్కడి మనిషికే తెలిసే సంగతులు కొన్నున్నాయి. ఎండాకాలంలో డిమాండ్ ఉంటుంది, తయారీ పెంచండని హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణుడు చెబుతాడు. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారకముందే ఆడవాళ్లంతా ఇప్పపువ్వు ఏరడానికి వెళ్తారు. అది అయిందో లేదో తునికాకు వస్తుంది, గూడెం మొత్తం ఆకు కోతలో, కట్టలు కట్టడంలో, కల్లాల దగ్గర ఉంటుంది. యూనిట్ తాళం తీసే మనిషే దొరకదు. శ్రీరామనవమి జనం వచ్చేదీ అప్పుడే. అంటే నవమికి అమ్మే లడ్డూల లెక్క అంతకుముందు సంవత్సరం ఎండబెట్టి దాచిన పువ్వుతోనే వేసుకోవాలి. ఇది ఏ కోచ్ పుస్తకంలోనూ ఉండదు.

ఇంకొకటి. 2014 విభజన తర్వాత భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్లింది. దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లే బస్సు మధ్యలో ఇంకో రాష్ట్రం దాటుతుంది. భద్రాచలంలో తయారైన బిస్కెట్లు ఎటపాక కిరాణా కొట్టుకు పంపితే చట్టం దృష్టిలో అది అంతర్‌రాష్ట్ర అమ్మకం. పన్ను పడే సరుకు అలా పంపాలంటే టర్నోవర్ ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. కొనేవాళ్లే భద్రాచలం వచ్చి పట్టుకెళ్తే వేరు సంగతి. ఇక భూమి చూపించి బ్యాంకులో పెద్ద అప్పు తెచ్చుకోండన్న సలహా. 1970 నాటి ఒకటో నిబంధన, జనం నోట్లో 1/70, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతోంది. అది అవసరమైన చట్టం. వేలం వేసినా అందరూ కొనలేరు కాబట్టి బ్యాంకు ఆ భూమికి మైదాన ప్రాంతపు విలువ కట్టదు. అందుకే ఇక్కడ పొలం పాస్‌బుక్ కంటే సంఘం మినిట్స్ పుస్తకం, వాయిదాలు తప్పని చరిత్ర ఎక్కువ పనికొస్తాయి.

ఇలా చెప్పగలిగే మనిషిని ఎక్కడ వెతకాలి? తెలుగు నేలకు ఇది పాత విద్యే. కర్నూలు జిల్లా ఓర్వకల్లు పొదుపు మహిళలు తాము నేర్చుకున్నది ఇతర ఊళ్ల వాళ్లకు నేర్పారు. ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ) రోజుల్లో కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా (సీఆర్పీలుగా) ఎదిగిన మన సంఘాల అక్కలు బిహార్ వంటి రాష్ట్రాలకు వెళ్లి, భాష రాకపోయినా సంఘాలు పెట్టించారు. అప్పు తీసుకుని, కట్టి, నిలబడిన ఆడమనిషి మాట సాటి ఆడమనిషికి ఎక్కినట్టు ఆఫీసరు మాట ఎక్కదు. వ్యాపార సలహాకు కూడా సీఆర్పీలను తయారుచేసే ఏర్పాటు గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద ఉంది. 2020లో మొదలైన ఆహార శుద్ధి పథకంలో జిల్లా రిసోర్స్ పర్సన్ అని ఒకరిని పెట్టారు. అప్పు దరఖాస్తు, ఆహార లైసెన్సు వంటివి చేయించినందుకు ఆయనకు డబ్బు వెళ్లేది పథకం నిధి నుంచే, మీ జేబులోంచి కాదు. వ్యాపారం పెట్టే మహిళలకు తోడుగా హైదరాబాద్‌లో 2018 మార్చి 8న మొదలైన వీ హబ్ ఉంది. ఇవన్నీ అన్ని మండలాల్లోనూ ఒకే తీరున పనిచేస్తాయని నేననను. మంచి సీఆర్పీ ఉన్న మండల సమాఖ్య, లేని సమాఖ్య మధ్య తేడా యూనిట్ తలుపు దగ్గరే తెలిసిపోతుంది.

డబ్బు తీసుకునే నిపుణుడు ఎవరికీ అక్కర్లేదని కూడా కాదు. ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో నెలల తరబడి కన్సల్టెంట్లను పెట్టి చూస్తే మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. వందల మంది పనిచేసే చోట, గోదాములో సరుకు ఎంతుందో యజమానికే తెలియని చోట, ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. ఖమ్మంలో గ్రానైట్ ఫ్యాక్టరీ, మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపేవాళ్లు ఆలోచించుకోవచ్చు. పది మంది లడ్డూలు చుట్టే సంఘానికి ఆ బేరం కుదరదు.

కాబట్టి ఎవరి చేతికైనా డబ్బు పెట్టే ముందు మూడు సంగతులు కనుక్కోండి. మీరు అమ్మబోయే సరుకును, మీరు అమ్మబోయే చోట, ఆ మనిషి ఎప్పుడైనా అమ్మాడా? మీరు కొనే యంత్రం మీద, తీసుకునే అప్పు మీద, అమ్మే సరుకు మీద ఆయనకు ఏమైనా ముడుతుందా? ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేస్తే ఎత్తుతాడా? ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించినందుకు ఎవరైనా రుసుము అడిగితే మాత్రం అక్కడినుంచే వెనక్కి వచ్చేయండి, ప్రభుత్వ పోర్టల్‌లో అది పూర్తిగా ఉచితం.