గూగుల్ వస్తోంది సరే, అందులో పనెవరికి?

ద్వారకా నగర్‌లో సాయంత్రం ఆరు దాటితే నడవడానికి చోటుండదు. బ్యాంకు, ఎస్సెస్సీ, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్... ఏ కోచింగ్‌కైనా జనం ఇక్కడికే వస్తారు. క్లాసు వదిలాక టీ బండి దగ్గర ఈ మధ్య ఒకటే చర్చ, డేటా సెంటర్. పాడేరు వైపు నుంచి వచ్చి రూమ్ తీసుకుని చదువుకుంటున్న ఓ కుర్రాడు మొన్న అడిగాడు: ‘అన్నా, గూగుల్ వచ్చేలోపు ఏం నేర్చుకుంటే లోపలికి వెళ్లొచ్చు?’ వెంటనే తనే నవ్వేసి, ‘మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే ఇప్పటికీ గుట్ట మీదకి పోవాలి’ అన్నాడు.

ముందు మొదటి ప్రశ్న చూద్దాం. 2025 అక్టోబరు 14న దిల్లీలో ఒప్పందం కుదిరింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు వినిపించాయి. సామర్థ్యం ఒక గిగావాట్, అంటే 1,000 మెగావాట్లు. మన పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యమే 2,000 మెగావాట్లు. అందులో సగం ఒక్క ప్రాజెక్టుకే కావాలన్నమాట!

ఇంత కరెంటు తినేచోట మనుషులు మాత్రం అంతమంది అక్కర్లేదు. డేటా సెంటర్ అంటే వేలమంది కూర్చుని కోడ్ రాసే ఆఫీసు కాదు, సర్వర్ల గోదాము. కట్టేటప్పుడు సివిల్, ఎలక్ట్రికల్, పైపింగ్ పనులకు జనం బాగా కావాలి. నడవడం మొదలయ్యాక సబ్‌స్టేషన్, యూపీఎస్, జనరేటర్లు, చిల్లర్లు, ఫైబర్, నెట్‌వర్క్, సెక్యూరిటీ... వీటిని షిఫ్టుల్లో చూసుకునే సిబ్బంది చాలు. ప్రభుత్వం చెప్పిన దాదాపు 1.88 లక్షల ఉద్యోగాలు ప్రత్యక్షం, పరోక్షం కలిపి వేసిన లెక్క. ‘పరోక్షం’లో క్యాబ్ నడిపేవాళ్లూ, క్యాంటీన్‌లో వండేవాళ్లూ వస్తారు. అవీ ఉద్యోగాలే, కాదనను. కానీ మీ బీటెక్ పట్టాకి ఎదురుచూస్తున్నవి మాత్రం కాదు.

కోడింగ్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు చూడాల్సింది వేరే వైపు. రుషికొండలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకే ఇచ్చారు, 12,000 ఉద్యోగాలన్నారు. కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కీ అదే ధర, 8,000 అన్నారు. అక్కడైనా ఫ్రెషర్లు ఎంతమంది, వేరే ఊళ్ల నుంచి బదిలీ మీద వచ్చేవాళ్లు ఎంతమంది అన్నది గమనిస్తూ ఉండాలి.

ఇలా లెక్కలడిగితే ‘అభివృద్ధికి అడ్డం పడకు’ అంటారు. విశాఖ వాడికి అనుమానం ఊరికే రాలేదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చింది ఉక్కు ఫ్యాక్టరీ. దానికి భూములిచ్చి, ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం దశాబ్దాలు ఎదురుచూసినవాళ్లు వేలల్లో ఉన్నారు. 2021 జనవరిలో ఆ ఫ్యాక్టరీనే అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించింది. అయినా ఆ ఫ్యాక్టరీ లేకపోతే గాజువాక ఇప్పటిలా ఉండేది కాదు. రెండూ నిజాలే. నాకు గూగుల్ మీద కోపం లేదు, లెక్క చెప్పకుండా చప్పట్లు కొట్టమంటేనే ఇబ్బంది.

ఇక ఆ కుర్రాడి రెండో మాట. 2022 ఏప్రిల్ దాకా పాడేరూ, ద్వారకా నగరూ ఒకే జిల్లా. సముద్రం అడుగు నుంచి ఇంటర్నెట్ కేబుళ్లు విశాఖ తీరానికి తెస్తామంటున్నారు. అదే మన్యంలో రోడ్డు లేక గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ కొండలకి టవరూ, రోడ్డూ వేయడానికి కొత్త టెక్నాలజీ ఏమీ కనిపెట్టక్కర్లేదు.

అతనిది ఈఈఈ. అందరూ చేరుతున్నారని పైథాన్ కోర్సులో చేరబోతున్నాడు. ‘నీ బ్రాంచికే అక్కడ పని ఉంది. స్విచ్‌గేర్, యూపీఎస్, కూలింగ్ మీద చెయ్యి తిప్పు, కొంచెం లైనక్స్, నెట్‌వర్కింగ్ నేర్చుకో. జాబ్ గ్యారంటీ అని ఎవరన్నా నమ్మకు’ అన్నాను. అప్పటికే రెండు వేలు అడ్వాన్స్ కట్టేశాడట. వెనక్కిస్తారేమో కనుక్కుంటానని గ్లాసు పెట్టేసి లేచాడు.