వేళ్లలో దైవశక్తి లేదు

రెండో ప్రపంచయుద్ధ కాలపు కార్ఖానాల్లో అంధులు పనిచేశారనగానే చాలామంది అనే మాట ఒకటే: "దేవుడు కళ్లు తీసుకుని వేళ్లకు శక్తినిచ్చాడు." పొగడ్తలా వినిపించే ఈ మాట వాళ్లకు అన్యాయం చేస్తుంది. శక్తి పైనుంచి ఊడిపడితే, కష్టపడి నేర్చుకున్న పనితనానికి విలువేముంది?

ఆ రోజుల్లో బెర్లిన్‌లోని రోజెంతాలర్ వీధి 39వ నంబరులో ఓటో వైట్ బ్రష్‌ల కార్ఖానా నడిపేవాడు. ఆయనకూ చూపు దాదాపు లేదు. పనివాళ్లలో ఎక్కువమంది చూపులేని లేదా వినికిడిలేని యూదులు. ఆయన కథతో 2014లో జర్మనీలో టీవీ సినిమా కూడా వచ్చింది.

ఆ పని ఎలా సాగేదో చూడండి. చెక్కకు ముందే వరసగా రంధ్రాలు తొలిచి ఉంటాయి. రంధ్రంలోంచి తీగను ఉచ్చులా పైకి తీసి, అందులో వెంట్రుకల కుచ్చు పెట్టి, తీగను వెనక్కి లాగాలి. కుచ్చు రెండుగా మడతపడి రంధ్రంలో బిగుస్తుంది. కుచ్చు మందం వేలికి తెలుస్తుంది, బిగువు లాగే చేతికి తెలుస్తుంది, తర్వాతి రంధ్రం ఎక్కడో ఇప్పుడు బిగించిన కుచ్చే చెబుతుంది. మన ఇళ్లలో మాల కట్టే అమ్మ మాత్రం పూలవైపు చూస్తుందా? కబుర్లు చెబుతూనే రెండు మల్లెలు ఇటు, రెండు అటు పెట్టి ముడేస్తుంది. వాడిన పువ్వును వేలే పక్కన పెడుతుంది. ముడి జారితే దారమే చెబుతుంది. కరెంటు పోయినా మాల ఆగదు. ఆమెకు దైవశక్తి ఉందని ఎవరూ అనరు, చేయి తిరిగిందంటారు.

యుద్ధకాలంలో ఆయుధాల ఫ్యాక్టరీల్లో అంధులు విడిభాగాల తనిఖీ కూడా చేశారు. దానికి గేజ్ అనే రెండు కొనల కొలత పరికరం చాలు. దాని ఒక కొన రంధ్రంలోకి దిగాలి, రెండో కొన దిగకూడదు. రెండూ దిగితే రంధ్రం పెద్దది, ఏదీ దిగకపోతే చిన్నది. ఇందులో కంటికి పనేముంది?

మరి ఇలాంటి ఫ్యాక్టరీ ఉద్యోగాలు అంధులకు అందడం యుద్ధం దాకా ఎందుకు ఆగింది? మగవాళ్లు సరిహద్దులకు పోయి మనుషులు చాలకపోయాక గానీ చాలామంది యజమానులు తలుపు తీయలేదు. వైట్ విషయంలోనూ అవసరమే పనిచేసింది: సైన్యానికి బ్రష్‌లు కావాలి కనుకే ఆయన కార్ఖానాను యుద్ధానికి అవసరమైనదిగా గుర్తించారు. ఆ గుర్తింపు, ఆయన ఇచ్చిన లంచాలు కలిసి పనివాళ్లను కొంతకాలం కాపాడాయి. తర్వాత నాజీలు వాళ్లలో చాలామందిని నిర్బంధ శిబిరాలకు తరలించారు.

యుద్ధం ఎవరి వేళ్లకూ కొత్త నేర్పు ఇవ్వలేదు, యజమానుల సాకులను మాత్రం చెరిపేసింది. ఉద్యోగమిచ్చేవాళ్లు "ఈ మనిషికి చూపుందా" అని కాదు, "ఈ పనిలో ఏ మెట్టు దగ్గర చూపు నిజంగా కావాలి" అని అడగాలి. అలా అడగడానికి మరో యుద్ధం అక్కర్లేదు.