గీత పోయిందా, దాక్కుందా?

రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ పోయే దారిలోనైనా, కొరాపుట్ నుంచి సుంకి ఘాటీ దిగి సాలూరు పోయే దారిలోనైనా బండి తోలేవాళ్ళకి గీతలు తప్పవు. ఎదురుగా లారీ వస్తే కొండ పక్కకి ఒదగాలి. తుప్పలు, ముళ్ళకంపలు తలుపుల పొడుగునా గీసేస్తాయి. రాయగడలో వెదురు లారీలు కూడా ఉన్నాయి, పేపరు మిల్లుకి పోయేవి. వెనకాల వేలాడే వెదురు కొస ఒక్కటి తగిలితే చాలు.

మన మిల్లు కుటుంబాల పిల్లలు చాలామంది ఇప్పుడు బండి మీదే బతుకుతున్నారు. అప్పు మీద కారు కొని నెల బాడుగకి తిప్పుతారు. గీతలు పడ్డ బండిని చూస్తే బాడుగకి పెట్టుకునేవాడు మొహం చిట్లిస్తాడు. అందుకని షెడ్డుకి పరిగెడతారు. “మిషన్ పాలిష్ కొడితే పోద్ది” అంటారు అక్కడ. ఏ గీత పోతుందో ఏది పోదో తెలియకపోతే డబ్బూ పోతుంది, రంగూ పోతుంది.

నేను చదివింది ఐదో తరగతి. సూరత్‌లో బట్టల ప్రాసెస్ మిల్లులో, ఫినిషింగ్ ఖాతాలో ముప్పై ఏళ్ళు చేశాను. ఇప్పుడు రాయగడలో కూతురు దగ్గర ఉంటున్నాను. అల్లుడికి డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు ఉంది. పొద్దున్న టీ తాగి అక్కడే కుర్చీ వేసుకుంటాను. చూసిందీ, అల్లుడు చెప్పిందీ రాస్తున్నాను.

కారు రంగు ఒక పొర కాదు. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన అద్దం లాంటి క్లియర్ కోటు. అన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ 35 నుంచి 50 వరకూ ఉంటుంది. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, క్లియర్ కోటు సగం వెంట్రుక కన్నా కాస్త ఎక్కువ. మిషన్ పని జరిగేదంతా ఆ సగం వెంట్రుకలోనే.

చాలామంది పాలిష్ గీతని పూడుస్తుంది అనుకుంటారు. పూడ్చదు, అరగదీస్తుంది. గీత అడుగు ఎంత లోతులో ఉందో, చుట్టూ ఉన్న క్లియర్‌ని అంత లోతుకీ దించేస్తుంది. అప్పుడే గీత కనపడకుండా పోతుంది. కాబట్టి ఒక బండికి ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు ఇది చెయ్యడం కుదరదు.

ముందు గీత మీద నీళ్ళు చల్లి చూడండి. తడిగా ఉన్నప్పుడు మాయమైతే అది క్లియర్‌లోనే ఉంది, ఆశ ఉంది. తడిలో కూడా తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తే ప్రైమర్ దాకా దిగింది. రేకు మెరిస్తే, రేపు తుప్పు. ఆ తరవాత గోరు అడ్డంగా నడపండి. గోరు గట్టిగా తట్టుకుంటే, మిషన్ ఒక్కదానితో అది పోదు. పోగొడతానన్నవాడి మాట నమ్మకండి.

క్లియర్‌లోనే ఉండి కాస్త లోతైన గీతకి అల్లుడు చేసేది ఇది. బండి కడిగి నీడలో పెడతాడు. తలుపు అంచులకి, మడతలకి టేపు వేస్తాడు. ఎందుకంటే అక్కడ రంగు పలచగా ఉంటుంది, మిషన్ బరువంతా అక్కడే పడుతుంది. 2000 నంబరు వాటర్ పేపర్ సబ్బు నీళ్ళలో నానబెట్టి, రబ్బరు దిమ్మకి చుట్టి, గీత ఉన్నంత మేరే మెల్లగా రుద్దుతాడు. పది రుద్దులకి ఒకసారి తుడిచి చూస్తాడు. తరవాత 3000. అక్కడంతా పాలు పోసినట్టు మసకబారుతుంది. బండి యజమాని గుండె ఆగేది అప్పుడే! అప్పుడు కంపౌండ్ పెట్టి మిషన్ కొడితే మసక విడిచి మెరుపు వస్తుంది. చివర మెత్తటి స్పాంజి ప్యాడ్, సన్న పాలిష్.

మిషన్లు రెండు రకాలు. ఒకే చోట గుండ్రంగా తిరిగేది గట్టిగా కోస్తుంది, తొందరగా కాలుస్తుంది కూడా. ఊగుతూ తిరిగేది నెమ్మది, నేర్చుకునే కుర్రాళ్ళకి అదే మంచిది. ఏదైనా ప్యాడ్ చదునుగా ఆనాలి, ఒక్క చోట నిలబడకూడదు. మధ్యలో చెయ్యి వెనక్కి తిప్పి రేకు మీద పెట్టి చూడాలి. చెయ్యి ఆనకపోతే ఆపెయ్యాలి.

ఆ కంపౌండ్‌లో కోసే పలుకు చాలావరకూ అల్యూమినాయే. మన కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో బాక్సైట్ నుంచి తీస్తారే, ఆ తెల్ల పిండి జాతిదే. ఈ కొండల ఎర్రమట్టిలో కూడా గట్టి రేణువులుంటాయి. దుమ్ము పట్టిన బండిని పొడి తువ్వాలుతో తుడిస్తే మీరే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు. ముందు నీళ్ళు కొట్టి మట్టి కార్చాలి, ఆ తరవాతే గుడ్డ.

ఇక మోసం సంగతి. మిల్లులో పలచటి గుడ్డకి గంజి దట్టించి ఇస్త్రీ రోలర్ల మధ్య నడిపితే ఖరీదైన గుడ్డలా నిలబడుతుంది. ఒక్క ఉతుకుతో బండారం బయటపడుతుంది. పాలిష్‌లలోనూ అలాంటి గంజి ఉంది. గీతలో నూనె, మైనం లాంటిది నింపి మెరిపిస్తుంది. మా వీధి కుర్రాడొకడు వెదురు గీసిన తలుపుల్ని ఎక్కడో ఒక షెడ్డులో అలాగే చేయించుకున్నాడు. రెండు రోజుల బాడుగ అక్కడే పెట్టేశాడు. నాలుగు వానలు పడ్డాయి. “మావయ్యా, పోయిందన్న గీత మళ్ళీ తేలిపోనాది” అని వచ్చాడు. అప్పటికే వాళ్ళ దగ్గరికి రెండోసారి కూడా పోయాడట. ఆ రెండోసారి తలుపు మడత మీద క్లియర్ కాలిపోయి రంగు బయటపడింది. అక్కడికి మిషన్ పని ఆఖరు, తలుపు మొత్తం మళ్ళీ రంగు వెయ్యాల్సిందే. వాడి కంతు ఆ నెల ఆలస్యమైంది. వాళ్ళమ్మ నాతో పాటు సూరత్‌లో పని చేసింది, ఇక్కడికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అందుకని డబ్బు ఇచ్చే ముందు ఒక మాట అడగండి: “స్పిరిట్ గుడ్డతో తుడిచి చూపించు”. నింపిన సరుకైతే చాలావరకు తుడుపుకి పోయి గీత బయటికి వస్తుంది. నిజంగా అరగదీసిందైతే అలాగే ఉంటుంది. నిజాయితీ ఉన్నవాడు ఈ మాటకి కోపం తెచ్చుకోడు.

ప్రైమర్ దాకా దిగిన గీతకి కూడా తలుపంతా రంగు అక్కర్లేదు. బండి మీద అంటించిన చీటీలో రంగు కోడ్ ఉంటుంది. ఆ టచప్ రంగు తెచ్చి, గీత శుభ్రం చేసి, సన్న కుంచెతో పలచగా రెండు మూడు సార్లు నింపి, బాగా ఆరనిచ్చి, పైన క్లియర్ వేసి, అది గట్టిపడ్డాక సమం చేసి పాలిష్ కొట్టాలి. దగ్గరికొచ్చి చూస్తే జాడ తెలుస్తుంది, నాలుగడుగుల నుంచి తెలియదు. బాడుగ బండికి అది చాలు.

షెడ్డుల్లో పనికి చేరే పిల్లల తల్లిదండ్రులకి కూడా చెప్పాలి. మిల్లులో దూది దుమ్ము పీల్చి సోమవారం ఆయాసంతో మంచం పట్టినవాళ్ళు మనలో ఉన్నారు. ఇక్కడ కంపౌండ్ పొడి, రంగు పొడి. ముక్కుకి మంచి మాస్కు కట్టమనండి, తువ్వాలు చాలదు. వైరు భుజం మీద వేసుకోవాలి, తిరిగే ప్యాడ్‌కి దూరంగా. చొక్కా చివరలు దోపుకోవాలి. కింద నీళ్ళున్నప్పుడు, చేతులు తడిగా ఉన్నప్పుడు మిషన్ ముట్టుకోకూడదు. మా అల్లుడి షెడ్డులో నీళ్ళ పని ఒక మూల, మిషన్ పని ఇంకో మూల. వానాకాలం ఆ మూల కూడా తడిస్తే మిషన్ పని ఆపేసి, కుర్రాళ్ళని లోపల సీట్లు దులపడానికి పంపుతాడు.