నిర్మలాకాశపు విద్యుత్తు

ఉరుములేని రోజున గూడ మీ చేనిపై గాలిలో విద్యుత్తు పారుచుండును. లోకమందలి ఉరుము మేఘములు ఏతమువలె దానిని తోడి, ఆకాశపు పై పొరను సుమారు 2,50,000 వోల్టులకు ఎక్కించును. నిర్మలాకాశము గల చోట్ల అది తిరిగి నేలకు దిగును. దానిని మోయునవి అయానులను సూక్ష్మకణములు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీల పొగ, మన పొలములలో కాల్చు వరిగడ్డి పొగ వీనిని పట్టివేయును. కాలువలో గుర్రపుడెక్క పెరిగిన ఎగువ నీటిమట్టము లేచును గదా! అట్లే గాలి వాహకత తగ్గిన, నేలదగ్గర మీటరుకు 100 వోల్టులకు పైగా ఉండు తేడా ఇంకను హెచ్చును. ఎత్తునకు పోయినకొలది వాహకత పెరుగును. 1980లలో హైదరాబాదు నుండి బెలూనులు ఎగురవేసి దీనిని కొలిచిరి.

ఈ తేడా మనిషికి హాని చేయదు. హాని పిడుగుతోనే. ఉరుము వినగానే తాటిచెట్టు క్రింద నిలువక పక్కా ఇంటికి చేరుకొనుడు.