చెరువు పని – మూడు హద్దులు

నారాయణఖేడ్ ప్రాంతం సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 దాకా ఇది మెదక్ జిల్లాలో ఉండేది. ఇక్కడ చాలామంది రైతులు వానను నమ్ముకుని సేద్యం చేస్తారు. వాన నీటిని ఆపేది చెరువు. చెరువు నిండితే బావుల్లో, బోర్లలో నీళ్లు ఊరతాయి. పశువులకు నీళ్లు దొరుకుతాయి.

కానీ ఏటా వరదతో మట్టి కొట్టుకొస్తుంది. చెరువు అడుగున పేరుకుంటుంది. దాన్నే పూడిక అంటాం. పూడిక పెరిగితే చెరువులో నీళ్లు తక్కువ నిలుస్తాయి.

ఊరి చెరువును బాగు చేయాలనుకోండి. ముందు మూడు సంగతులు చూడాలి. ఒకటి డబ్బు. రెండు గడువు. మూడు పని. ఇవి మూడు హద్దులు. ఒకటి కదిలితే మిగతావీ కదులుతాయి.

పని పెంచితే డబ్బు ఎక్కువ కావాలి. రోజులూ ఎక్కువ పడతాయి. త్వరగా ముగించాలంటే మనుషులను, యంత్రాలను పెంచాలి. అప్పుడు ఖర్చు పెరుగుతుంది. ఖర్చు మరీ తగ్గిస్తే పని నాసిరకం అవుతుంది.

చెరువు పనిలో గడువు కదలదు. ఎండాకాలం నీళ్లు ఇంకిపోయాకే పూడిక తీయగలం. జూన్ మొదట్లో మృగశిర కార్తె వస్తుంది. వాన మన కోసం ఆగదు. డబ్బు కూడా మంజూరైనంతే. ఇక సర్దుకోవాల్సింది పనిలోనే.

"చెరువంతా లోతుగా తవ్వాలె" అంటాడు ఒక రైతు.

"కట్టకు బుంగ పడ్డది అన్నా. అది పూడ్చకుంటే ఎంత తవ్వి ఏం లాభం?" అంటుంది ఒక మహిళ.

ఆమె మాట నిజం. పూడిక కొంత మిగిలితే కొన్ని నీళ్లే తగ్గుతాయి. కట్ట తెగితే నీళ్లన్నీ పోతాయి. కింది పొలాలు మునుగుతాయి. అందుకే ముందు కట్ట, తూము, మత్తడి. ఆ తరువాతే పూడిక. మిగిలింది వచ్చే ఎండాకాలం తీయవచ్చు. కట్ట మీద మట్టిని పొరలుగా పోసి, తడిపి, గట్టిగా అణచాలి. అక్కడ తొందర పనికిరాదు.

2015లో తెలంగాణ ప్రభుత్వం 'మిషన్ కాకతీయ' మొదలుపెట్టింది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. అన్నీ ఒకేసారి బాగు చేయడం కుదరదు. అందుకే ఏడాదికి ఐదో వంతు చేయాలని అనుకున్నారు. పూడిక తవ్వే ఖర్చు సర్కారు పెట్టుకుంది. ఆ మట్టిని రైతులే పొలాలకు తోలుకోవాల్సి ఉండేది. సర్కారుకు మట్టి తోలే ఖర్చు తప్పింది. పొలానికి సారవంతమైన మట్టి దక్కింది. కానీ ట్రాక్టరు కిరాయి రైతు మీద పడింది. ఒక చోట బరువు దించితే మరో చోట పడుతుంది. నలుగురు కలిసి కిరాయి పంచుకుంటే చిన్న రైతుకూ మట్టి అందుతుంది.

మీ ఊరిలో పని మొదలుకాక ముందే గ్రామసభలో అడగండి. డబ్బు ఎంత? గడువు ఎప్పటిదాకా? ఏ పని ఎట్టి పరిస్థితిలోనూ వదలరాదు? జవాబులు రాసి పంచాయతీ గోడకు అంటించండి. చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపించండి.