గుగ్గిలంలో చిక్కిన దోమ

నెత్తురు తాగే దోమను దోపిడీకి ప్రతీకగా వాడడం మన కవిత్వంలో పాత అలవాటే. ప్రతీక పాతదైనందుకు నాకు అభ్యంతరం లేదు. దోమ ఆది నుంచీ ఇంతే, ఇక ముందూ ఇంతే అన్న ఊహ దాని వెనక దాగి ఉంది. పేచీ అక్కడ. ఆ ఊహను పరీక్షించే సాక్ష్యం చెట్ల గుగ్గిలంలో దొరికింది.

గుగ్గిలం అన్నాను, తుమ్మబంక కాదు. బంక నీళ్లలో కరుగుతుంది, గుగ్గిలం కరగదు. చెట్టు గాయం నుంచి కారే ఈ స్రావంలో పురుగు చిక్కి, ఆ ముద్ద మట్టిలో కోట్ల ఏళ్లు పడి ఉంటే గట్టిపడి ఆంబర్ అవుతుంది. గుజరాత్‌లోని ఖంభాత్ ప్రాంతపు లిగ్నైట్ గనుల్లో దొరికే ఆంబర్‌కు 5 కోట్ల ఏళ్లు ఉంటాయి. దాన్ని కార్చిన చెట్లూ, మన గుగ్గిలపు చెట్టూ ఒకే కుటుంబానివి. 2010లో వెలువడిన పరిశోధన ప్రకారం అందులో పురుగులూ సాలీళ్లూ 700కు పైగా బయటపడ్డాయి.

దోమల చరిత్ర అంతకన్న పాతది. బర్మా ఆంబర్‌లో చిక్కిన దోమకు సుమారు 10 కోట్ల ఏళ్లు. 2023లో లెబనాన్ ఆంబర్ నుంచి మరో రెండింటిని వర్ణించారు. వాటికి సుమారు 13 కోట్లు. రెండూ మగవే.

అసలు విశేషం ఇక్కడే ఉంది. నేటి మగదోమ కుట్టదు, పూలతేనెతో బతుకుతుంది. ఆడదానికి కూడా రోజువారీ తిండి తీపి రసమే. నెత్తురు గుడ్ల కోసం. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని చూసింది ఆడదోమ పొట్టలోనే. (దోమకు అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్న హుసేన్ ఖాన్ పేరు, ఆ విజయం మీద రాస్ రాసిన పద్యంలో లేదు. అది వేరే వ్యాసం.) ఈ ప్రతీకను వివరిస్తుంటే మా రొళ్ల బడిలో ఒక పిల్ల అడిగింది: "సార్, కుట్టేది ఆడదోమే గదా, మరి షావుకారుకు ఎట్ల సరిపోతుంది?"

లెబనాన్ మగదోమల దవడలు మాత్రం పదునైనవి. మగవి కూడా ఒకప్పుడు నెత్తురు తాగేవని పరిశోధకుల ప్రతిపాదన. మొక్కలను గుచ్చి రసం పీల్చే నోరే తర్వాత తోలును గుచ్చడం నేర్చి ఉంటుంది. పూలమొక్కలు విస్తరించాక మగవి నెత్తురు మానేసి ఉండవచ్చు. రెండు శిలాజాలతో తుదితీర్పు ఇవ్వలేం. పైగా ఆంబర్‌లో చిక్కేవి చెట్టు దగ్గర తిరిగేవే. దోమ పుట్టేది నీళ్లలో. అందుచేత 13 కోట్లన్నది దాని పుట్టినతేదీ కాదు, దొరికిన తేదీ.

ఏమైనా నెత్తురు తాగడం దోమకు మొదటి నుంచీ ఉన్న గుణం కాకపోవచ్చు, మధ్యలో వచ్చి ఉండవచ్చు. సగం జాతి దాన్ని వదిలేసి కూడా ఉండవచ్చు. అలాగని షావుకారు కూడా పూలతేనెకు మళ్లుతాడని ఏ కవిమిత్రుడైనా రాస్తే, ఆ పూచీ నాది కాదు.